చిగురుకొనలోని ఆరోగ్యము

డాలియా దుంపను విభజించి నాటినచో తల్లిమొక్కను పోలిన పూవులే పూయును. విత్తనములు చల్లినచో ఆ పోలిక నిలువదు. కాని దుంపతో ఒక చిక్కు కలదు. తల్లికి వైరస్ వ్యాధి సోకినచో అది పిల్లమొక్కలకును సంక్రమించును. ఆ వ్యాధిని కుదుర్చు మందు లేదు. అట్లయినచో ఒక మేలిరకము నశింపవలసినదేనా?

1952వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున మోరెల్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు దీనికొక ఉపాయము చూపిరి. వ్యాధిగ్రస్తమైన మొక్కయందును చిగురు చిట్టచివరి కొనలో వైరస్ సాధారణముగా ఉండదు. ఆవగింజకన్న చిన్నదగు ఆ కొనను వారు కోసి, సూక్ష్మజీవులు చొరని గాజునాళికలో పోషకపదార్థములపై పెంచిరి. అది చిన్న మొలక యయ్యెను గాని వేళ్లు పుట్టలేదు. వారు నిరుత్సాహపడక, దానిని ఆరోగ్యముగల డాలియా నారుమొక్కకు అంటుకట్టిరి. వ్యాధిలేని మొక్క లభించెను.

1957లో స్కూగ్, మిల్లర్ అనువారు పొగాకు కణజాలమును పరిశీలించి, ఆక్సిన్ అను హార్మోను పాలు హెచ్చినచో వేళ్లును, సైటోకైనిన్ పాలు హెచ్చినచో చిగుళ్లును పుట్టునని నిరూపించిరి. వేళ్లు పుట్టని మొలకలకు వేళ్లు పుట్టించు మార్గము దీనివలన సుగమమయ్యెను. నేడు లిలియం గడ్డల పొలుసులను ముక్కలు చేసి, ఈ పద్ధతినే గాజుపాత్రలలో చిన్న గడ్డలను పెంచుచున్నారు.