ర్యామ్ డిస్కు: లాభనష్టములు

విద్యార్థులారా! బెంగళూరు ఎస్.పి. రోడ్డునుండి పాత కంప్యూటరు తెచ్చుకొన్న ఇండ్లలో, "ఆట తెరచుకొనుటకే ఇంతసేపా?" అను మాట మేము తరచుగా వినుచున్నాము. ఆ జాగునకు కారణమును, దానికి గల ఒక ఉపాయమును నేడు తెలిసికొందము.

హార్డ్ డిస్కులోని బిళ్ల సాధారణముగా నిమిషమునకు 5400 లేక 7200 మార్లు తిరుగును. 7200 అయినచో ఒక చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకండ్లు పట్టును. కోరిన సమాచారము చదివెడి భాగము క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము కాలము వేచియుండవలెను. ర్యామ్‌లో తిరుగు భాగమే లేదు. సమాచారము ఇంచుమించు సెకండులో కోటివ వంతు కాలములో దొరకును.

ర్యామ్‌లో కొంత భాగమును వేరుచేసి, కంప్యూటరునకు డిస్కువలె చూపినచో అది ర్యామ్ డిస్కు అగును. ఆట ఫైళ్లను ముందుగా అందులోనికి నకలు చేయవలెను. ఇది బీరువాలోని పుస్తకమును బల్లమీదికి తెచ్చుకొనుట వంటిది. తెచ్చుటకు పట్టు కాలము తప్పదు, లాభమంతయు తరువాతనే. బల్ల నిండినచో వ్రాయుటకు చోటుండదు. 8 గిగాబైట్ల ర్యామ్‌లో 6 ఆటకే ఇచ్చినచో తక్కిన పనులు కుంటుపడును.

కరెంటు పోయినచో ర్యామ్‌లోనిదంతయు మాయమగును. వానకాలపు సాయంకాలములలో ఇది మనకు క్రొత్త గాదు. ఆట ఫైళ్లను మరల నకలు చేసికొనవచ్చును. మీరు సేవ్ చేసిన ఆటయు, వ్రాసిన వ్యాసమును మరల రావు. కావున వానిని హార్డ్ డిస్కునందే ఉంచుడు.

తలిదండ్రులకు మా మనవి: ఖర్చు చేయదలచినచో మొదట ఎస్.ఎస్.డి. అమర్పించుడు. అది హార్డ్ డిస్కుకంటె మిక్కిలి వేగమైనది; కరెంటు పోయినను దానిలో భద్రపరచినది నిలిచియుండును.

అభ్యాసము: 5400 మార్లు తిరుగు డిస్కునకు ఒక చుట్టు కాలమెంతయో లెక్కింపుడు.