మీ యూనిట్ చరిత్ర మీరే రాయాలి

చిరంజీవి అమ్మలుకు,

హైదరాబాద్‌లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్‌గా చేరావని తెలిసి చాలా సంతోషించాను. డ్రిల్లు నేర్పడానికి, యూనిఫారం సరిదిద్దడానికి అక్కడ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. వాళ్లకు చెప్పే తీరిక లేని మాట ఒకటి నేను చెబుతాను. నువ్వుండే ఈ మూడేళ్లలో మీ యూనిట్ చరిత్రను పోగుచేసి రాయి. తీరిక దొరికితే చేద్దాంలే అనుకునే పనిగా కాదు, కేడెట్‌గా నీ విధుల్లో ఒకటిగా చెయ్యమంటున్నాను.

కేడెట్ యూనిట్‌కు జ్ఞాపకం నిలవదమ్మా. సీనియర్ డివిజన్ కేడెట్లు మూడేళ్లుండి ‘సీ’ సర్టిఫికెట్ పరీక్ష రాసి వెళ్లిపోతారు. కమాండింగ్ ఆఫీసరూ ఇన్‌స్ట్రక్టర్లూ వైమానిక దళం నుంచి వస్తారు, బదిలీ అయి వెళ్తారు. కాస్త ఎక్కువ కాలం ఉండేది మీ కాలేజీ లెక్చరరే అయిన అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ (ఏఎన్‌వో). ఆయన రిటైరైతే ఆయనకు గుర్తున్నదంతా ఆయనతోపాటే ఇంటికి పోతుంది. ఎవరో ఒకరు పూనుకుని కాగితం మీద పెట్టకపోతే ప్రతి బ్యాచీ తమతోనే యూనిట్ మొదలైందనుకుంటుంది.

రాసిపెట్టడం వల్ల ఏమవుతుందో చెప్పడానికి మన ఊరి ఉదాహరణే ఉంది. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు సమకూరాయి. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరే పెట్టుకుంది. వాటి సంగతులు ఈ రోజుకీ తెలుస్తున్నాయంటే కారణం ఒక్కటే: అక్కడ స్క్వాడ్రన్లు ఏ రోజు ఏం చేశాయో ఆ రోజే రికార్డు పుస్తకంలో రాసి భద్రపరిచారు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న ఇంగ్లండు స్క్వాడ్రన్ల దినచర్య దొరుకుతున్నప్పుడు, హైదరాబాద్ పిల్లలు కవాతు చేసిన యూనిట్ దినచర్య దొరకకపోవడం న్యాయమేనా?

ఎన్‌సీసీ చరిత్ర హ్యాండ్‌బుక్కులో ఉంది కదా అంటావేమో. ఉంది. 1946లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన కమిటీ వేశారు, 1948లో చట్టం వచ్చింది, మరుసటి ఏడు బాలికల డివిజన్, 1950 ఏప్రిల్ 1న బొంబాయిలో ఒకటి, కలకత్తాలో ఒకటి ఎయిర్ స్క్వాడ్రన్లు. పరీక్షకు ఇవి చాలు. కానీ ఈ తేదీలన్నీ ఢిల్లీలో జరిగిన నిర్ణయాలవి. అవి మన కాలేజీ మైదానం దాకా వచ్చేసరికి ఏమయ్యాయన్నది వేరే సంగతి. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అన్నారు. హ్యాండ్‌బుక్కులో ఇది రెండు వాక్యాలు. మన దగ్గర ఆ ఐదేళ్లూ ఎలా గడిచాయి? అంతమందికి ఇన్‌స్ట్రక్టర్లు సరిపోయారా? నిర్బంధం ఎత్తేశాక ఎంతమంది ఇష్టపడి ఉండిపోయారు? విద్యార్థులకు సైనిక శిక్షణ తప్పనిసరి చెయ్యాలన్న వాదన మనదేశంలో మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంటుంది. ఒకసారి చేసి చూసిన పనికి ఫలితమేమిటో యూనిట్ల రిజిస్టర్లే చెప్పాలి. గాలిలో మాట్లాడుకునే వాదనకు ఆ లెక్కలు నేల చూపిస్తాయి. అలాగే ఎన్‌సీసీలో గ్లైడర్ల కాలం ఎప్పుడు పోయిందో, జెన్ ఎయిర్ మైక్రోలైట్లు ఎప్పుడొచ్చాయో, వాటి తర్వాత స్లొవేనియా నుంచి వచ్చిన పిపిస్ట్రెల్ వైరస్ విమానంలో మన కేడెట్ మొదట ఎప్పుడు ఎగిరిందో కూడా ఆ రిజిస్టర్లే చెప్పాలి.

ఎయిర్ వింగ్ ఉన్నదే ఆఫీసర్లను తయారుచెయ్యడానికి, ఎంపికైనవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తే సరిపోదా అని మీ స్నేహితులు అనవచ్చు. ‘సీ’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు రాతపరీక్ష లేకుండా నేరుగా వైమానిక దళ ఎంపిక బోర్డు (ఏఎఫ్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు వెళ్లే స్పెషల్ ఎంట్రీ ఉన్న మాట నిజమే. కానీ ఎన్‌సీసీలో చేరినంత మాత్రాన ఎవరూ సైన్యంలో పనిచేయాల్సిన పనిలేదని చట్టమే చెబుతోంది. అంటే ఎక్కువమంది మామూలు పౌరులుగానే ఉంటారని దాన్ని రాసినవాళ్లకు తెలుసు. బోర్డుకెక్కని ఆ ఎక్కువమందే యూనిట్. ముఖ్యంగా ఆడపిల్లల సంగతి వెతుకు. వైమానిక దళం ఫ్లయింగ్ బ్రాంచిలో 1990ల దాకా స్త్రీలకు చోటే లేదు. తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు మన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలోనే 2016 జూన్‌లో కమిషన్ పొందారు. అలాంటి అవకాశాలేవీ లేని రోజుల్లో మన కాలేజీల్లో యూనిఫారం వేసుకున్న అమ్మాయిలు ఏం ఆశించి చేరారు? మీ యూనిట్‌లో మొదటి అమ్మాయి ఏ సంవత్సరం చేరింది? ఆ తరంవాళ్లు ఇప్పుడు అమ్మమ్మలు. అడగడానికి ఎంతో కాలం లేదు.

చదువు పాడవుతుందని మీ నాన్న భయపడతాడు. నెలకు ఒక ఆదివారం పూట కేటాయించు చాలు. రక్షణ రహస్యాల భయం అంతకంటే సబబైనది. దాన్ని తేలిగ్గా తీసుకోకు. విమానాశ్రయం ఫొటోలు వద్దు, స్టేషన్ వివరాలు వద్దు, రాసింది ఏదైనా కమాండింగ్ ఆఫీసర్‌కు చూపించి అనుమతి తీసుకున్నాకే బయటపెట్టు. నీకు కావలసింది మనుషుల కథ, దానికి ఆ వివరాలతో పనే లేదు.

వచ్చే పరేడ్ రోజున మీ ఏఎన్‌వో గారిని కలిసి పాత నామినల్ రోల్స్ (కేడెట్ల పేర్ల జాబితాలు) చూపించమని అడుగు. తర్వాత కాలేజీ పాత వార్షిక సంచికలు, గ్రూప్ ఫొటోలు వెతుకు. ఫొటోలో గుర్తుపట్టిన ప్రతి ముఖానికీ వెనకవైపు పెన్సిల్‌తో పేరు, సంవత్సరం రాయి. వివరాలు రెండు చోట్ల భద్రపరుచు: ఒక ప్రతి యూనిట్‌లో, ఒకటి కాలేజీ లైబ్రరీలో. నువ్వు వెళ్లేముందు నువ్వు రాసిన పుస్తకాన్ని జూనియర్ ఎవరికైనా అప్పగించు, సంతకం కూడా తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న