పిల్లల తగవులు – పెద్దల తీర్పులు

తల్లిదండ్రుల సమావేశమునకు మా బడికి వచ్చు తల్లులు మొదట మార్కులను గూర్చి అడుగుదురు. ఆ ముచ్చట ముగిసి, సెలవు పుచ్చుకొని, వాకిలి దాటబోవునపుడు గాని అసలు మాట బయటికి రాదు. "అయ్యవారూ, బడిలో వీడు బుద్ధిమంతుడంటారు. ఇంట్లో చెల్లెలితో క్షణం పడదు. వాడు కొడతాడు, అది రాగం తీస్తుంది. నా తల పగిలిపోతోంది." హోసూరు చుట్టుపట్ల పల్లెలలో ఇట్లు చెప్పని తల్లి అరుదు. తండ్రులు ఈ సంగతి ఎత్తరు. ఆ వేళకు వారు ఇంట నుండరు గాబోలు.

తగవు లేని యిల్లు లేదు. ఒకే ఒడి, ఒకే చాప, ఒకే సెల్‌ఫోను. పంచుకొనవలసినవారు ఇద్దరో ముగ్గురో. మొదటి బిడ్డకు రెండు మూడేండ్లపాటు ఆ ఒడి అంతయు తనదే. ఒకనాడు అమ్మ మరియొక బిడ్డతో పుట్టింటి నుండి తిరిగివచ్చును. ఇంటిల్లిపాదియు ఆ పసికందు చుట్టు మూగుదురు. అప్పుడు పెద్దబిడ్డ మరల ముద్దుమాటలు పలుకుట, ఎత్తుకొమ్మని మారాము చేయుట, పక్క తడుపుట మనము చూచినదే. దానిని దుర్బుద్ధి యనరాదు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జూడీ డన్, కారల్ కెండ్రిక్ అను పరిశోధకురాండ్రు 40 కుటుంబముల పిల్లలను వారి యిండ్లకు పోయి గమనించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. అందు మనకు పనికివచ్చు సంగతి యొకటి గలదు. పాప ఎందుకు ఏడ్చుచున్నదో, ఆకలియో నిద్రయో చూతము రమ్మని, తొలి వారములలోనే పెద్దబిడ్డతో ఆ పసిదానిని గూర్చి మనసుగల మనిషిని గూర్చి వలె మాటలాడిన తల్లుల యిండ్లలో, ఏడాది దాటిన పిమ్మట ఆ తోబుట్టువులు ఎక్కువ చెలిమితో మెలగిరి. బొమ్మలు కొనిపెట్టుటకు ఖర్చు కలదు. ఈ మాటకు ఖర్చు లేదు.

ఇక మన యిండ్లలో జరుగు న్యాయవిచారణ చూడుడు. వంటింటిలో నున్న తల్లికి కేక వినబడును. ఆమె వచ్చుసరికి చిన్నది ఏడ్చుచుండును, పెద్దవాడు నిలుచుండి యుండును. మొదట ఏమి జరిగినదో ఆమె చూడలేదు. సాక్షులు లేరు. "పెద్దవాడివి, నీకైనా బుద్ధి లేదూ!" అని తీర్పు వెలువడును. ఆ తీర్పు వలన ఇద్దరికి రెండు పాఠములు అబ్బును. గట్టిగా ఏడ్చినచో గెలుపు తనదేయని చిన్నది నేర్చుకొనును. ఈసారి అమ్మకు వినబడకుండ గిల్లవలెనని పెద్దవాడు నేర్చుకొనును. మరునాడు వాడు తాకకముందే చిన్నది కేక వేయును. తల్లికి మాత్రము తాను న్యాయము చేసితినను తృప్తి.

దేవతలకును ఇది తప్పలేదు. పళని కొండ కథ మన ప్రాంతపు పిల్లలందరికి తెలిసినదే. ఒకటే పండు, ఇద్దరు కుమారులు. ముందుగా లోకమును చుట్టి వచ్చినవానికి పండు అని పందెము. కుమారస్వామి నెమలి నెక్కి బయలుదేరెను. వినాయకుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసి పండు పుచ్చుకొనెను. తెలివికి బహుమానము దక్కినది, నిజమే. కాని ఓడిన బిడ్డ అలిగి, ఇల్లు విడిచి, కొండ యెక్కి కూర్చుండెను. వినాయకుని తెలివి కొరకే ఈ కథ చెప్పుదుము గాని, పందెము పెట్టిన పెద్దలను గూర్చి ఆలోచించువారు లేరు. "ఎవరు ముందు తింటారో వాళ్ళే మంచి పిల్లలు" అని మనము దినదినము పెట్టు పందెమును అట్టిదే.

సణుగుడు వేరొక విధమైన చిక్కు. బిడ్డ ఫోను అడుగును. లేదందుము. మరల అడుగును, మరల లేదందుము. పదియవ సారి రాగము పెరిగి, చెవులు హోరెత్తి, "తీసుకుని ఏడువు!" అని ఇచ్చివేయుదుము. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పావురములతో చేసిన ప్రయోగములను 1957లో గ్రంథముగా వెలువరించిరి. ముక్కుతో పొడిచిన ప్రతిసారియు గింజ దొరకుటకు అలవాటుపడిన పావురము, గింజలు నిలిచిపోయినచో త్వరలోనే మానుకొనును. ఎప్పుడో ఒకసారి దొరకుటకు మరగినది మాత్రము పొడుచుచునే యుండును. తొమ్మిదిసార్లు కాదని పదియవసారి ఇచ్చు తల్లి చేయునది ఈ రెండవ అలవాటే. కావున ఇయ్యదలచినచో మొదటి మాటకే ఇయ్యవలెను. లేదన్నచో లేదనియే నిలువవలెను. నిలిచిన మొదటి దినములలో రాగము తగ్గదు సరికదా, పెరుగును. మా యింట నేనును ప్రయత్నించితిని. మూడు దినములు నిలిచితిని. నాలుగవ నాడు చుట్టములు వచ్చియుండగా, వారి ముందు సిగ్గుపడి ఇచ్చివేసితిని. అటుపిమ్మట మావాని పట్టుదల మునుపటికి రెట్టింపైనది. తప్పు వానిది కాదు.

అన్ని యేడ్పులును ఒకటి కావని కూడ గ్రహింపవలెను. బడి వదలిన వేళ బిడ్డ కడుపు ఖాళీ. అప్పుడు నీతిబోధ పనిచేయదు. గుప్పెడు వేరుసెనగలు, బెల్లపుముక్క పనిచేయును.

కడుపు నిండినను తీరని యేడ్పునకు కావలసినది మాట. పసివానికి బాధ కలదు, దాని పేరు తెలియదు; కావుననే ఏడ్చును. మన తెలుగున ఇట్టి పేర్లు ఎన్ని కలవో చూడుడు. మనవారనుకొన్నవారి మీదనే కలుగునది అలుక; పరాయివారి మీద ఎవరును అలుగరు. ఓడిపోయి ఏమియు చేయజాలనప్పుడు లోపలినుండి పొంగునది ఉక్రోషము. అవ్వ ఊరికి వెళ్ళినప్పుడు పట్టుకొనునది బెంగ. నలుగురిలో తక్కువ చేసినప్పుడు ముఖము ముడుచుకొనుట చిన్నబుచ్చుకొనుట. అలుకకు బుజ్జగింపు మందు, ఉక్రోషమునకు కొంత వ్యవధి మందు, బెంగకు ఒడి మందు. "ఊరికే ఏడవకు" అని అన్నిటికి ఒకటే కషాయము పోయువారికి ఈ తేడా తెలియదు. "అన్న గెలిచాడని ఉక్రోషంగా ఉందా నాయనా?" అని అడిగి చూడుడు. తన లోపలిది తల్లికి తెలిసినదని తోచిన బిడ్డ సగము చల్లబడును.

2006 నాటి చట్టము ననుసరించి మన పిల్లలు ఒకటవ తరగతి నుండియు తమిళము చదువుచున్నారు. మంచిదే; ఉన్న ఊరి భాష రావలెను. ఆంగ్లము సరేసరి. కాని ఉక్రోషము, బెంగ అను మాటలు ఏ పాఠములోను రావు. అవి ఇంట వినబడవలెను. తిట్టుటకును, పని చెప్పుటకును మాత్రమే ఇంట తెలుగు మిగిలినచో, పిల్లలు తమ మనసును మరియొక భాషలో చెప్పుకొందురు, లేదా చెప్పుకొనుటయే మానుదురు.

మరి తగవు వచ్చినప్పుడు ఏమి చేయవలెను? కొట్టుకొనుచున్నచో, కరచుచున్నచో, విచారణ లేకుండ వెంటనే విడదీయవలెను. ఎల్లప్పుడు ఒకరే దెబ్బలు తినుచున్నచో అది తగవు కాదు, బాధించుట. అచ్చట పెద్దలు ఊరకుండరాదు. తక్కినచోట్ల "మీరిద్దరూ ఆలోచించి ఒక దారి చెప్పండి, అంతదాకా ఫోను నా దగ్గరే ఉంటుంది" అని న్యాయపీఠము దిగవలెను. పండుగనాడు ఒక్క ఓళిగ మిగిలినచో ఒకరు తుంచవలెను, రెండవవారు ముందుగా ఎంచుకొనవలెను. తుంచు చేయి ఎంత జాగ్రత్త పడునో చూడముచ్చటగా నుండును. 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిన మరియా మాంటిస్సోరీ, తన బడులలో ఒక్కొక్క పరికరము ఒక్కటి మాత్రమే ఉంచునట్లు ఏర్పాటు చేసెను. ఒకరు వాడి తిరిగి పెట్టువరకు మరియొకరు వేచియుండవలెను. ప్రతిదియు రెండేసి కొని తగవు తప్పింపజూచు ధనికుల యిండ్లలో ఈ వేచియుండుట అలవడదు.

విద్యార్థులారా, మీలో చాలమంది ఇంటికి పెద్దలు. అన్యాయపు తీర్పులు మీకే ఎక్కువగా తగులునని నేనెరుగుదును. అయినను ఆ చిన్నవారు మాటలు నేర్చుకొనుట అమ్మ కంటె మీ వద్దనే ఎక్కువ. మా ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె, నేను తరగతిలో చెప్పిన ఈ మాటలను ఇంట తమ్మునికి చెప్పినదట. రెండు దినముల తరువాత దాయములాటలో ఓడి, వాడు గవ్వలు విసరబోయి ఆగి, "అక్కా, నాకు ఉక్రోషం వస్తోంది" అన్నాడట. ఆమెకు నవ్వు ఆగలేదు. వాడును నవ్వెను. ఎవరు ముందు నవ్విరని మరల తగవు మొదలైనది గాని, అమ్మను పిలువలేదట.