బుధునిపైన, చంద్రునిపైన సోడియం రాకపోకలు

ఉప్పుకల్లును బున్సెన్ జ్వాలలో ఉంచినచో పసుపు వెలుగు వచ్చుట మన ప్రయోగశాలలో అందరమును చూచినదే. వర్ణపటములో ఆ వెలుగు 589.0, 589.6 నానోమీటర్ల జంటరేఖలుగా కనిపించును. ఈ రేఖలనే పాటర్, మోర్గన్ అను శాస్త్రజ్ఞులు బుధుని చుట్టును, చంద్రుని చుట్టును గుర్తించి, వరుసగా 1985లోను, 1988లోను ప్రకటించిరి.

దీనిని వాతావరణమని పిలుచుటకు మేము కొంత సందేహించుచున్నాము. చంద్రతలము దగ్గర ఘన సెంటీమీటరునకు సుమారు 70 సోడియం పరమాణువులే కలవు. అవి ఒకదానితో నొకటి ఢీకొనవు. విసరిన రాళ్లవలె ఎగిరి నేలపై పడును.

వీని పుట్టుక శిలలలోనే. సూర్యుని అతినీలలోహిత కిరణములు నేలకు అంటియున్న పరమాణువులను ఊడదీయును. సౌరపవనములోని అయానులు తాకి కొన్నింటిని చిమ్మును. సూక్ష్మ ఉల్కలు పడినచోట మట్టియే ఆవిరియగును. బుధునిపై పగటి వేడిమియు తోడ్పడును. ఇందులో పెద్దవాటా దేనిదన్న వివాదము ఇంకను తీరలేదు. 2019లో శ్రీహరికోట నుండి వెడలిన చంద్రయాన్-2 తన ఎక్స్-కిరణ పరికరముతో చంద్రతలపు సోడియమును పటముగా గీచినదని 2022లో ఇస్రో ప్రకటించినది. అందు కొంత భాగము రేణువులపై పలుచని పూతగా, సులభముగా ఊడివచ్చునట్లు ఉండవచ్చునని ఆ పరిశోధకుల అభిప్రాయము.

నష్టముల సంగతి మరింత ఆసక్తికరము. సూర్యకాంతి తగిలి ఎలక్ట్రానును కోల్పోయిన పరమాణువు అయానుగా మారి సౌరపవనముతో కొట్టుకొనిపోవును. బుధుని వద్ద ఇందుకు కొన్ని గంటలే చాలును. రాబడి ఆగినచో ఆ పసుపు వెలుగు ఎంతోకాలము నిలువదు.

రెండవ మార్గము కాంతి పీడనము. పసుపు కాంతిని గ్రహించిన ప్రతిసారియు పరమాణువు సూర్యునికి ఎడముగా చిన్న త్రోపు పొందును. అయితే సూర్యుని వర్ణపటములో సరిగా ఆ తరంగదైర్ఘ్యములవద్దనే చీకటిరేఖలున్నవి. అచట కాంతి కొరత. బుధుని కక్ష్య దీర్ఘవృత్తము గనుక, అది సూర్యుని సమీపించునపుడును, దూరమగునపుడును డాప్లర్ ఫలితము వలన పరమాణువు ఆ చీకటి నుండి ప్రక్కకు జరిగి మిక్కుటమైన కాంతిని పొందును. అపుడా త్రోపు బుధుని గురుత్వములో సగము దాకా పెరిగి, గ్రహము వెనుక పసుపుతోక సాగును. సూర్యునికి అతి సమీప బిందువు వద్ద ఈ వేగము శూన్యమగుటచే, ఎండ తీవ్రమైనను తోక సన్నగిల్లును! మొదట చదివినపుడు మాకును ఇది తలక్రిందుగా తోచినది.

చంద్రునికిని ఇట్టి తోక కలదు. 1998 నవంబరులో, లియోనిడ్ ఉల్కాపాతపు రోజులలో, అమావాస్య వేళ అది భూమిని దాటి, భూగురుత్వముచే కూడగట్టబడి, రాత్రి ఆకాశమున మసక మచ్చగా అగుపడినది. అదియు కంటికి గాక కెమేరాకు మాత్రమే.