మారిన పనికి ఒదుగు నేర్పు

ఉద్యోగములో పైకి రాగోరు యువకులకు విద్య, శ్రమ, నిజాయితీ అను మూడు గుణములను మన పెద్దలు చిరకాలముగా బోధించుచు వచ్చిరి. ఆ మూటికిని తోడుగా నాల్గవది యొకటి నేడు అత్యవసరమైనది. అది, చేయుచున్న పని స్వరూపము మారినప్పుడు మనసు చెదరనీయక, నేర్చిన విద్యను వృథాపోనీయక, క్రొత్త పద్ధతిలో ఆ పనినే మునుపటికంటె మిన్నగా నిర్వహించు శక్తి. ఇది కొందరికి మాత్రమే పుట్టుకతో అబ్బు వరమని పలువురు తలచుచుందురు. అది వరము కాదు, అభ్యాసము. ఈ మాటకు నిదర్శనము చూపుటకై దూరదేశముల కర్మాగారముల చరిత్రలు తిరుగవేయనక్కరలేదు. గుంటూరునుండి ఒంగోలునకు పోవు జాతీయ రహదారిపైనున్న చిలకలూరిపేటలో దిగి, పత్తిమిల్లులవైపు నడచిన చాలును.

పేట చుట్టునుగల నల్లరేగడి నేలలు ఒకప్పుడు ఆకాశమువంకనే చూచుచు బ్రతికినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడిచిన పిదప, తరతరములుగా వాననుబట్టి విత్తనము వేయుటయే ఎరిగిన మెట్టరైతు, వంతు నీటినిబట్టి సేద్యము చేయు విద్యను నడివయసున నేర్చుకొనవలసి వచ్చెను. పొగాకు, మిరప, పత్తి ఈ సీమను క్రొత్తదారి పట్టించినవి. పత్తి వెంట గింజను వేరుచేయు జిన్నింగు మిల్లులు, వాని వెంట గణపవరము ప్రాంతమున నూలుమిల్లులు వెలసినవి. ఊరిలో రైలుస్టేషను లేకున్నను, రహదారినే నమ్ముకొని లారీల రవాణాతో పేట వర్తకము పెంపొందెను. ఇన్ని మార్పులను ఎదుర్కొన్నవారు విశ్వవిద్యాలయములలో చదివినవారు కారు. సామాన్య రైతులు, కూలీలు, గుమాస్తాలు.

అయితే మార్పు అన్నంతనే దానిని కౌగిలించుకొనుట నేర్పరితనము కాదు. 1987-88 ప్రాంతమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను తెల్లదోమ ఊడ్చివేసినప్పుడు జరిగినది ఈ సీమవారు మరువలేనిది. ఒకరు లాభపడిరని విని ఊరంతయు ఒకే పైరు వేసినది. పొరుగువాడు కొట్టిన మందునే మరికొన్ని మారులు అధికముగా కొట్టినది. పైరునకు మేలుచేయు పురుగులు నశించి, మందునకు లొంగని తెల్లదోమ మాత్రము మిగిలినది. అప్పులు తీర్చు దారి కానక పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఈ దోషమును రైతుపైననే మోపుట అన్యాయము; మందులమ్మువారి మాటయే శాస్త్రముగా చెలామణి అయిన కాలమది. కాని కార్యాలయములలో పనిచేయువారుగూడ ఆ దుఃఖమునుండి గ్రహింపవలసిన సత్యము గలదు: కారణము తెలియక ఇతరులను చూచి మారుట అనుకరణమేకాని ఒదుగుట కాదు. ఒదుగువాడు ముందు తన పనిని తాను ఎరిగియుండవలెను.

ఈ ఎరుక ఎట్టిదో జిన్నింగు మిల్లులో పత్తి కొను బయ్యరును గమనించినచో తెలియును. ఆయన కుప్పలో మోచేతివరకు చేయి దూర్చి, లోపలి పత్తిని గుప్పెడు తీసి, పిడికిట బిగించి వదలును. దూది వెంటనే విచ్చుకొనినచో ఆరినదనియు, ముద్దగా నిలిచినచో తేమ గలదనియు గ్రహించును. పిమ్మట చిటికెడు దూదిని రెండుచేతుల బొటనవ్రేళ్లకు, చూపుడువ్రేళ్లకు నడుమ పట్టి, లాగి, పొరపై పొర వేసి, మరల లాగి, పోగులన్నియు వరుసకు వచ్చిన తరువాత పింజ పొడవును కంటితోనే అంచనా కట్టును. ఏండ్ల తరబడి సాధన చేసినగాని చేతికి రాని విద్య యిది. ఆ విద్యకు ఎదురుగా ఒకనాడు తేమను కొలుచు మీటరు వచ్చి కూర్చుండెను. పింజ పొడవును, బలమును, సన్నదనమును అంకెలలో చూపు యంత్రములు వచ్చెను. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనునప్పుడు తేమ 8 శాతమును ప్రమాణముగా గైకొని, ఆపైన ధరలో కోత విధించుచు, 12 శాతము దాటినచో కొనుటయే మానును. అచ్చట చేతి అంచనాకంటె మీటరు అంకెకే విలువ.

అంతట బయ్యరులు రెండు విధములైరి. “ఇనుపముక్కకు పత్తి సంగతి ఏమి తెలియును?” అని అలిగి కూర్చున్నవారు మొదటి విధము. రెండవ విధమువారు తమ చేతి అంచనాను ముందు చెప్పి, తరువాత మీటరు చూచి, రెండింటికిని తేడా ఎక్కడ వచ్చుచున్నదో దినదినము పోల్చుకొనిరి. అట్లు పోల్చుకొనగా వారికి తేటతెల్లమైన విషయ మేమనగా, మీటరు తనలో పెట్టిన గుప్పెడు పత్తి సంగతినే చెప్పగలదు. ఆ గుప్పెడు కుప్పలో ఎచ్చటనుండి తీయవలెనో చెప్పలేదు. ఎండ తగిలిన పైపొర పొడిగాను, అడుగు తడిగాను ఉండవచ్చునని ఎరిగి, సరియైన చోట చేయి దూర్చుట మనుష్యుని పని. మీటరు ఆ బయ్యరు విద్యను హరింపలేదు. అందులో ఏ భాగము నిజముగా అమూల్యమైనదో తేల్చి చూపినది.

నూలుమిల్లులోనికి పోయినను ఇదియే కనబడును. పూర్వము నూలును కోనులకు చుట్టుచోట పోగు తెగినప్పుడు ముడివేయుటలో ఎవరి వ్రేళ్లు వడిగా ఆడిన వారు గొప్ప పనివారు. ఆటోకోనరు యంత్రము వచ్చిన పిమ్మట ముడియే పోయినది. తెగిన రెండు కొసల పురిని గాలితో విప్పి, గాలితోనే కలిపి, ముడి జాడ లేకుండ అది అతుకుచున్నది. కనుక ముడి వేయు వేగమునే తన సర్వస్వముగా భావించిన పనివానికి ఆ దినముతో చేయి విరిగినట్లైనది. పోగు ఏల తెగుచున్నదను ప్రశ్నపై మనసు పెట్టినవానికి మాత్రము యంత్రము క్రొత్త అవకాశమైనది. గాలిలో తేమ తగ్గినదా, నూలు వడకు రింగ్ ఫ్రేముపై ఏదైన భాగము అరిగినదా, దూది మిశ్రమములో పొట్టిపింజ పెరిగినదా అని విచారించు ఆ బుద్ధి యంత్రము పెరిగినకొలది మరింత అవసరమగుచున్నది. మిల్లు గుమాస్తా సంగతియు నిట్టిదే. చిట్టా, ఆవర్జా పుస్తకములు పోయి కంప్యూటరు వచ్చినను, 2017 జూలై 1న జీఎస్టీ అమలులోనికి వచ్చి పన్ను లెక్కల రూపమే మారినను, జమాఖర్చుల మర్మము తెలిసిన గుమాస్తా నిలిచెను. పుస్తకములో గీతలు గీయుటయే విద్య యనుకొన్నవాడు వెనుకబడెను.

ప్రతి వృత్తిలోను సాధనము వేరు, సారము వేరు. సాధనము కాలముతోపాటు మారును, సారము మారదు. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసెను. వార్తను వేగముగా, తప్పులేకుండ చేర్చవలెనను అవసరము మాత్రము ముగియలేదు. మహాశివరాత్రికి పురుషోత్తమపట్టణము మొదలగు గ్రామములవారు కోటప్పకొండకు తరలించు ప్రభలను చూడుడు. వానిపై విద్యుద్దీపములు వెలిగినంతమాత్రమున త్రికోటేశ్వరునిపై భక్తి తరిగినదా? దీపము మారినది, మ్రొక్కు మారలేదు. తన పనిలో దీపమేదో మ్రొక్కేదో వేరుపరచుకొనిన ఉద్యోగికి మార్పువలన భయముండదు.

ఈ వివేకమును అభ్యాసముగా మార్చుకొనుటకు కొన్ని మార్గములు గలవు. మొదటిది, తన పనివలన ఎవరికి ఏ ప్రయోజనము కలుగుచున్నదో, ఏ యంత్రము పేరును, ఏ ఫారము పేరును ఎత్తకుండ ఒక వాక్యములో కాగితముపై వ్రాసికొనుట. ఆ వాక్యము వ్రాయలేనివాడు తాను సారమును వదలి సాధనమునే పట్టుకొని యున్నట్లు తెలిసికొనవలెను. రెండవది, తన పనికి ముందు జరుగు పనిని, తరువాత జరుగు పనిని నేర్చుకొనుట. దూది ఏకు కార్డింగు పని తెలిసిన రింగ్ ఫ్రేము పనివానికి, గోదాము సంగతి తెలిసిన గుమాస్తాకు మార్పు ఎటునుండి వచ్చుచున్నదో ముందుగనే గోచరించును. మూడవది, వయసు అడ్డురాకుండ అడుగుట. నిన్న చేరిన కుఱ్ఱవాని వద్దకు ముప్పదియేండ్ల అనుభవముగల మేస్త్రి వెళ్లి, “బాబూ, ఇదెట్లాగో ఒక్కసారి చూపించయ్యా” అని అడిగినంతమాత్రమున ఆయన గౌరవము తగ్గదు; ఆ మిల్లులో అందరికిని అడుగుటకు ధైర్యము వచ్చును. నాల్గవది, క్రొత్త పద్ధతిని నిందింపకముందు దానిని చిత్తశుద్ధితో కొంతకాలము ఆచరించి చూచుట. పిమ్మట లోపములున్నచో వానిని తేదీలతో, ఉదాహరణములతో వ్రాసి పైవారి ముందుంచవలెను. సణుగుడును ఎవరును లెక్కచేయరు. అనుభవముతో కూడిన అభ్యంతరమును తెలివిగల ఏ యజమానియు త్రోసిపుచ్చడు.

అభ్యాసమువలెనే హద్దును ఎరుగవలెను. తడిపత్తిని పొడిపత్తిలో కలుపుమన్నచో, తప్పుడులెక్క వ్రాయుమన్నచో, రక్షణకవచము తీసి యంత్రము నడుపుమన్నచో తలయూపుట ఒదుగుట కాదు, లొంగుట. పద్ధతులు మార్చుకొనవచ్చును, ధర్మము మార్చుకొనరాదు. అట్లే యజమానులకును బాధ్యత గలదు. నేటిరాత్రి యంత్రము దింపి, రేపటి షిఫ్టునుండి పూర్తి ఉత్పత్తి కావలెనని గద్దించుట న్యాయము కాదు. నేర్చుకొనుటకు కాలమును, తప్పుచేసి దిద్దుకొనుటకు అవకాశమును, ఆ కాలమునకు జీతమును ఇచ్చినచోటనే పనివారు మనస్ఫూర్తిగా మారుదురు. తొలగించుటకు ముందు నేర్పి చూచుట మానవధర్మమే కాదు, వ్యాపారధర్మము కూడ.

చదువు ముగించి ఉద్యోగములో అడుగిడుచున్న సోదర సోదరీమణులారా, నేడు మీరు నేర్చుచున్న యంత్రము, వాడుచున్న కంప్యూటరు కార్యక్రమము, నింపుచున్న ఫారము మీరు పదవీవిరమణ చేయునాటికి ఉండవు. అందులకు దిగులు చెందకుడు. ఏ పనిలోనైనను సారమును పట్టుకొనుడు, సాధనమును తేలికగా వదలుడు, తెలియనిదానిని ఎవరినైనను అడుగుడు, ధర్మము విషయమున మాత్రము అంగుళమైనను కదలకుడు. ఈ నాలుగింటిని అలవరచుకొన్నవానికి ఏ మార్పు వచ్చినను పని దొరకును. ఆ పనిలో గౌరవమును దొరకును.