ఆపద్వేళ అందవలసిన పనిముట్టు

తిరుపతి

చిరంజీవి శారదకు పెదనాయన ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో క్లౌడ్ భద్రతా సాధనములు తయారుచేయు కంపెనీలో నీకు ఉద్యోగము కుదిరినదనియు, దాడి జరిగినప్పుడు దానిని పసిగట్టి, అరికట్టి, విచారించుటకు వలయు తెరలను వికలాంగులకు సైతము అనువుగా తీర్చు భారము నీకప్పగించిరనియు మీ నాయన చెప్పగా విని సంతోషించితిని. "నియమావళిలోని అంశములన్నిటికి టిక్కు పెట్టిన చాలునా, పెదనాయనా?" అని నీవు ఫోనులో అడిగితివి. చాలదు, అమ్మణ్ణీ. ఎందుకు చాలదో తీరికగా వ్రాయుచున్నాను.

2017 మే నెలలో వానాక్రై అను రాన్సమ్‌వేర్ లోకమంతట విజృంభించినప్పుడు అప్పటి మన చిత్తూరు జిల్లా పోలీసువారి కంప్యూటర్లును, తిరుమల దేవస్థానమువారి కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. రెండేండ్లు తిరుగకమునుపే, 2019 మే తొలినాళ్లలో, ఉభయ తెలుగు రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు అట్టి దాడికే లోనైనవి. తిరుపతి కేంద్రముగా గల సంస్థయు వానిలోనిదే. వానాక్రై చూపిన ఎఱ్ఱని తెర నీకు జ్ఞాపకమున్నదో లేదో. అందు గడువు తరుగుచుండు గడియారములు రెండు, బెదిరింపు లేఖ యొకటి. ఆ లేఖ 28 భాషలలో సిద్ధముగా నుండెను. సొమ్ము చెల్లింపవలసినవానికి విషయము బోధపడకపోయిన తమకే నష్టమని ఎరిగి దొంగలు పడిన శ్రమ అది. ఆ 28లో తెలుగు లేకపోవుట మనకు అదృష్టమో అవమానమో నేను నిర్ణయింపజాలను గాని, చదువరి యెడల దొంగకున్నపాటి శ్రద్ధయైన కావలివాని పనిముట్టు చేయువారికి ఉండవలదా యని మాత్రము అడుగుదును.

మన వీధి చివరనుండు నా పూర్వశిష్యుడొకడు, పుట్టంధుడు, బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంటినుండియే రాత్రి షిఫ్టులో భద్రతా విశ్లేషకుడుగా పనిచేయుచున్నాడు. ఒకనాటి రాత్రి అతని ప్రక్కన కూర్చుండి చూచితిని. ఎడమచెవిలో ఎన్‌వీడీఏ చదువు, కుడిచెవిలో బృందమువారి కాన్ఫరెన్సు కాల్. (ఉచితముగా లభించు ఆ స్క్రీన్‌రీడరును 2006లో ఆరంభించిన ఆస్ట్రేలియా దేశస్థుడు మైకేల్ కరన్ కూడ అంధుడే.) అది చదువు వేగమునకు నాకొక్క పదమైన పట్టుబడలేదు. ఎవరిదో యాక్సెస్ కీ అపరిచిత ప్రదేశమునుండి వాడబడుచున్నదని హెచ్చరిక వచ్చినది. ఏ గడియలో, ఏ ఐపీ అడ్రసునుండి, ఎవరి పేరిట, ఏమి జరిగినదో తెలుపు లాగులను అతడు చకచక విని, చూపున్న సహోద్యోగులకంటె ముందుగా మూలము కనుగొనెను. అంతవరకు అది అక్షరముల లోకము. అక్కడ అతడు ఎవరికిని తీసిపోడు.

ఆ పిమ్మట కన్సోలు తెర యెదురైనది. హెచ్చరిక తీవ్రతను తెలుపునది ఎఱ్ఱచుక్క మాత్రమే, రీడరు దానిని "చిత్రము" అని చదివి ఊరకుండెను. దాడి నడచిన దారి వలయములు, గీతలుగా చిత్రింపబడియుండుటచే దానినుండి ఒక్క మాటయు పలుకలేదు. పట్టిక తనంతట తాను రిఫ్రెష్ అగుచు ప్రతిసారి అతనిని పేజీ తలకు విసరివేయుచుండెను. తుదకు, దాడికి లోనైన సర్వరును నెట్‌వర్కునుండి వేరుచేయు మీట చేరువకు వచ్చినప్పుడు ఎన్‌వీడీఏ "బటన్" అన్నది; దాని ప్రక్కదానిని గూడ "బటన్" అనియే అన్నది. ఆ రెండవది సర్వరును సమూలముగా తొలగించునది. పొరపాటున దానిని నొక్కినచో సాక్ష్యమంతయు మాయము. అతడు చేయి వెనుకకు తీసికొని, కాల్‌లోనున్న వేరొకనిని నొక్కుమని అడిగెను. అడుగునప్పటి ఆ కంఠస్వరము నాకు నచ్చలేదు.

కావున నీవు కొలవవలసినది, ఆపద నడుచుచుండగా ఆ మనుష్యుడు ఇతరుల ఆసరా లేక ఎంతసేపటిలో పని ముగింపగలడన్నది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (జాతీయ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశము ప్రకారము సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటలలో ఆ సంస్థకు తెలియజేయవలయును. ఆ గడియారము అంధుని కొఱకు మెల్లగా నడువదు. రంగున్న ప్రతిచోట మాటయు ఉండవలయును. చిత్రమునకు తోడుగా ఏ కీ నుండి ఏ రోల్‌కు, అక్కడినుండి ఏ స్టోరేజీకి ప్రవేశించిరో వరుసగా చెప్పు పట్టిక యుండవలయును. రిఫ్రెష్‌ను నిలుపు అధికారము వాడుకరి చేతిలో నుండవలయును. ప్రతి హెచ్చరికయు రీడరు మాటకు అడ్డుపడి అరచినచో ఏదియు వినబడదు గనుక, అత్యవసరమైనదానికే ఆ హక్కునిమ్ము. మీటకు "వేరుచేయుము" అని పేరుపెట్టి, ఏ సర్వరునో కూడ అందే చెప్పింపుము. చేతులు వణకువారిని తలచి మీటలు ఎడముగా, 2023 నాటి వెబ్ అందుబాటు నియమావళి డబ్ల్యూసీఏజీ 2.2 చెప్పిన 24 పిక్సెళ్లకు తగ్గకుండ, ఉంచుము. లాగిన్‌కు అడుగు, 30 సెకండ్లకొకసారి మారు అంకెలను వారు కొట్టలేకపోవచ్చును. పాస్‌కీ దారి తెరచి యుంచుము. బధిరులకు అర్ధరాత్రి ఫోను మ్రోత వ్యర్థము, ప్రకంపనము కావలయును. కాల్‌లో నోటిమాటగా జరిగిన నిర్ణయము వెంటనే చాట్‌లో అక్షరరూపమున పడవలయును.

"అట్టివారు కమాండ్‌లైన్ వాడుకొందురు లెమ్ము" అని నీ తోటివారు అనగలరు. నా శిష్యునికి కమాండ్‌లైన్ ప్రీతియే. అయినను బృందమంతయు ఒకే తెరను చూచుచు నిర్ణయములు చేయుచుండగా అతనినొక్కనిని పెరటిదారిన రమ్మనుట నాకు సమ్మతము గాదు.

చట్టమును గూర్చి క్లుప్తముగా: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 42వ సెక్షనులోనే సమాచార సాధనములు వికలాంగులకు అందుబాటుగా ఉండవలయునను మాట యున్నది, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును 21వ అధికరణములోని జీవనహక్కులో చేర్చినది. మీ మేనేజరు ఖర్చును గూర్చి గొణిగిన ఇది చూపుము.

విడుదలకు మునుపు, కల్పిత దాడితో ఒక మాక్ డ్రిల్ జరిపి, మా వానివంటివారిని తగిన రుసుమిచ్చి పిలిపింపుము. వారు తడబడినప్పుడు ఎవరును నోరు మెదపరాదు. గడియారము చూచుచు వ్రాసికొనుడు. దసరాకు వచ్చునప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చితివేని అతనితో మాట్లాడి పెట్టెదను, ఆదివారములు తీరికగానే యుండును. మౌసు మాత్రము తేవలదు. మీ పెద్దమ్మ ఆశీస్సులు చెప్పుమన్నది.

ఇట్లు,
మీ పెదనాయన