వనసీమకు ఒంటరిగా పోవు మనుమరాలికి

  నీవు వ్రాసిన ఉత్తరము మొన్న ఖమ్మమున నాకు అందినది.

పరీక్షలు ముగిసిన పిదప వీపున ఒక సంచి తగిలించుకొని, తోడెవ్వరును లేకుండ థాయ్‌లాండు, వియత్నాము దేశములలో నెల దినములు తిరిగి రావలెనని నీవు సంకల్పించితివనియు, ఆ మాట చెవిని పడినది మొదలు మీ నాన్న నీతో సరిగా మాటలాడుట లేదనియు, అమ్మ కంట తడి పెట్టుచున్నదనియు, కావున నేనైనను నీ పక్షమున ఒక మాట చెప్పవలెననియు వ్రాసితివి. నీ కోరిక నాకు తప్పుగా తోచలేదు. దేశము చూడవలెనను కాంక్ష మనవారికి క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, కాశి సేవించి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరువరకును దారిలోని మజిలీలను, నీటి వసతిని, ఆయా సీమల జనుల నడవడిని ఓపికతో వ్రాసి ఉంచిరి గనుకనే మనకు కాశీయాత్ర చరిత్ర లభించినది. ఆయన వెంట పెద్ద పరివారముండెను; నీవు ఒక్కతెవు. అయినను ఉత్తరాదిని రాహుల్ సాంకృత్యాయనుడు సంచారమునకు ‘ఘుమక్కడ్ శాస్త్ర’మను గ్రంథమునే రచించి, స్త్రీలకును ఆ అధికారము సంపూర్ణముగా కలదని అందొక ప్రకరణమున వాదించెను. ఆ వాదము నాకు సమ్మతము. ఆడపిల్లవు గనుక పోవలదని నేను చెప్పను. తెలియవలసినది తెలిసికొనక పోవలదని మాత్రము గట్టిగా చెప్పుదును.

అందుచేత నా ఆలోచన ఇది. పరదేశపు ఉష్ణమండలమునకు పోవుటకు ముందు మన ఉష్ణమండలమున ఒకసారి తిరిగి చూడుము. ఖమ్మమున బయలుదేరి, కొత్తగూడెము మీదుగా భద్రాచలము చేరి, దుమ్ముగూడెమును పర్ణశాలను చూచి, మరల వెనుకకు వచ్చి కూనవరమున శబరి గోదావరిలో కలియు తావున నిలిచి, అటనుండి చింతూరు పోయి, మారేడుమిల్లి కనుమదారిని రాజమహేంద్రవరమున దిగుము. ఆ దేశములలో నీకు ఎదురుకాగల ఎండయు, వానయు, దోమయు, పొంగెడి నదియు, నీది కాని భాషయు, సరిహద్దు తనిఖీయు ఇక్కడ అన్నియు ఉన్నవి. ఆపద కలిగినప్పుడు మాత్రము నీ తల్లిభాషలోనే సాయము అడుగవచ్చును. ఈ దారిని నిబ్బరముగా నడచి వచ్చితివేని మీ నాన్నను ఒప్పించు భారము నాది.

కాలమును గూర్చి మొదట చెప్పుదును. సంక్రాంతి సెలవులు మంచివి. ఫాల్గుణము అంతకంటె మంచిది. ఉగాది దాటనీయకుము. శ్రీరామనవమికి భద్రాచలమున నిలువ నీడ దొరకదు. ఆపైన వైశాఖ జ్యేష్ఠముల ఎండ 45 డిగ్రీలు దాటును, సంచి మోసికొని నడచువారికి అది ప్రాణాంతకము. ఇంకొక చిన్న మాట. భద్రాచలం రోడ్డు అను రైల్వే స్టేషను కొత్తగూడెములో ఉన్నది. గుడి అక్కడికి ఇంచుమించు 40 కిలోమీటర్లు. చీకటి పడిన తరువాత అక్కడ దిగవలసిన రైలు ఎక్కకుము.

వానకాలమున ఈ సీమకు పోవలదనుటకు కారణము గోదావరి. భద్రాచలమునకు వానచుక్క లేని దినమునను ఎగువనుండి ప్రాణహిత, ఇంద్రావతుల నీరు వచ్చిపడి నది ఒక్క రాత్రిలో పెరుగును. అక్కడివారు వరదను అడుగులలో చెప్పుకొందురు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. గోదావరి అట్లు నిండినప్పుడు శబరి ముందుకు పోలేక వెనుకకు ఎగదన్నును, కూనవరము చింతూరు రోడ్లు మునిగిపోవును, ఊళ్లకు ఊళ్లు దీవులగును. సెప్టెంబరు వచ్చినను నదిని నమ్మరాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద వరద సుడిలో తిరగబడి దాదాపు యాభైమంది మరణించిరి. సెలవు దినమున సంతోషముగా కొండలు చూడవచ్చినవారు వారు. కావున పడవ ఎక్కునప్పుడు ప్రాణరక్షక కోటు ఇచ్చిరా, ఎక్కవలసినవారికంటె ఎక్కువమంది ఎక్కిరా అని నీవే చూచుకొనుము. డబ్బు కట్టితిమి గదా యని ఎక్కకుము. స్నానమునకు దిగునప్పుడు ఆ రేవున నిత్యము స్నానము చేయు ఆడువారు ఎంతవరకు దిగుదురో అంతవరకే దిగుము. మోకాలి లోతు ఇసుక తిన్నె ప్రక్కనే నిలువులోతు మడుగు ఉండును, పైకి రెండును ఒకే రీతిగా కనబడును.

జ్వరము సంగతి. ఏజెన్సీ అనబడు ఈ గిరిజన సీమ మలేరియా పట్టణపు జ్వరము వంటిది కాదు. అందు మెదడుకు ఎక్కు జాతి యున్నది, రెండు మూడు దినములు ఉపేక్షించినచో మనిషి దక్కకపోవచ్చును. దోమతెర తీసికొని పొమ్ము, సాయంకాలము నిండు చేతుల చొక్కా తొడుగుము. ఒళ్లు వెచ్చబడినచో మాత్ర మింగి పడుకొనక ఆ దినమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, ఆ ఊరి ఆశా కార్యకర్త వద్దకో పోయి రక్తపరీక్ష చేయించుకొనుము. తిరిగి వచ్చిన కొన్ని వారములకు జ్వరము వచ్చినను, ఏజెన్సీలో తిరిగి వచ్చితినని వైద్యునితో ముందుగా చెప్పుము; నగరములోని వైద్యునికి ఆ ఆలోచన దానంతట రాదు. రాత్రి నడచునప్పుడు చేత దీపముండవలెను. కట్లపాము కాటు నొప్పి తెలియదు, నేల మీద పడుకొన్నవారిని నిద్రలోనే కరచును, గనుక నేలపడక వలదు. ఏ పాము కరచినను కట్టు కట్టుట, గాటు పెట్టుట చేయనీయక ఆసుపత్రికి పొమ్ము. విరుగుడు సూదిమందు అక్కడ మాత్రమే ఉండును.

ఇవి శరీరమును కాపాడుకొను మాటలు. ఇక నాకు మిక్కిలి ముఖ్యమైనది చెప్పెదను.

భద్రాచలమనగానే మనకు రామదాసు, తానీషా, బందిఖానా జ్ఞాపకము వచ్చును. ఆ రామదాసు, అనగా నేలకొండపల్లి కంచర్ల గోపన్న, గుడి కట్టించినమాట నిజము. కాని అంతకు ముందే పోకల దమ్మక్క అను అడవిబిడ్డ ఆ కొండమీద దేవుని విగ్రహములను కనుగొని, తాటాకు పందిరి వేసి, పండ్లు నైవేద్యము పెట్టి కొలిచెనని స్థలపురాణము చెప్పును. మన పెద్దలు గోపురము వద్ద చూపు ఆగి, ఆ పందిరిని మరచిరి. నీవు దమ్మక్క జ్ఞాతుల ఇండ్లకు పోవుచున్నావు. ఈ సీమకు వారు గృహస్థులు, మనము అతిథులము. ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలలలో నేను ఉపాధ్యాయుడనుగా ఉన్న కాలమున పట్టణమునుండి వచ్చినవారు కోయలను ‘పాపము, అమాయకులు’ అని పిల్లల ముందరనే అనుట విని నా మనసు చివుక్కుమనెడిది. ఆ మాట నీ నోట రాకూడదు. ఏ చెట్టు ఎప్పుడు పూచునో, ఏ వాగు ఎప్పుడు దిగునో, ఏ దుంప ఎట్లు ఉడికించిన చేదు పోవునో తెలిసినవారు అమాయకులెట్లగుదురు?

ఫాల్గుణమున పొమ్మంటిని గదా, ఇప్పపువ్వు కొరకే అంటిని. పువ్వు రాత్రివేళ రాలును. అంతకు ముందే ఆడువారు చెట్టుక్రింద ఎండుటాకును ఊడ్చి, కొందరు కాల్చి, నేలను శుభ్రము చేసి ఉంతురు. తెల్లవారకముందే తల్లియు పిల్లలును గంపలతో పోవుదురు. లేతపసుపు రంగున, వ్రేలి కొనతో నొక్కినంతనే తేనెవంటి రసము ఊరు ఆ పూలను వంగి ఒక్కొక్కటియే ఏరుదురు. ఎండ ఎక్కిన పిదప ఏరినది పాడగునని ఎవ్వరును తల ఎత్తరు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికిని తెలియును, కంచె అవసరము లేదు. ఇంటికి తెచ్చి వాకిట పరచి ఎండబెట్టిన తరువాత అది సగమునకంటె తక్కువ తూకమగును. ఆ పని జరుగునప్పుడు నీవు ఫోను తీసి నిలువబడక, అనుమతి అడిగి ఒక గంట నీవును ఏరుము. నడుము పట్టివేసిన తరువాత నీవు అడుగు ప్రశ్నలు మారును. ఎండలు ముదిరిన పిదప తునికాకు కాలము వచ్చును, ఏబది ఆకుల కట్టలు కట్టి కల్లములో లెక్క చెప్పుదురు. సంవత్సరములో చేతికి రొక్కము వచ్చు దినములు వారికి ఇవియే. కావున సంతలో తేనెకో, చింతపండుకో, కరక్కాయకో బేరమాడి పది రూపాయలు తగ్గించితినని సంతోషింపకుము.

ఊరిలో అడుగిడగానే పెద్దను కలిసి నీవెవరవో, ఎందులకు వచ్చితివో చెప్పుము. వేల్పుల చోటికి ఎవ్వరైనను తీసికొనిపోయిననే పొమ్ము, చెప్పులు దూరముగా విడువుము. పిల్లలకు మిఠాయిలును నాణెములును పంచకుము. వచ్చువారందరివద్దను చేయి చాచు అలవాటు అట్లే పుట్టును. కల్లో, ఇప్పసారాయో ఇచ్చినచో చేతులు జోడించి వలదనుము; ముఖము చిట్లింపకుము. వారు నీతో తెలుగున మాటలాడుదురు, తమలో కోయభాష మాటలాడుకొందురు. ఛత్తీస్‌గఢ్‌నుండి వలస వచ్చిన గుత్తికోయలకు తెలుగు రాకపోవచ్చును, అచట తొందరపడక కూర్చుండుము. ఆస్ట్రియా దేశీయుడు హైమండార్ఫ్ పాపికొండలలోని కొండరెడ్లతో కలిసి మెలగి వారిని గూర్చి 1945లో గ్రంథము ప్రకటించెను; ఎక్కడినుండియో వచ్చినవానికి అది సాధ్యమైనది వారి మధ్య నిలిచినందుననే. ఒక దినమునకు నాలుగు ఊళ్లు చూచుటకంటె నాలుగు దినములు ఒక ఊర నిలుచుట మేలు. ఇంకొకటి మరువకుము. కూనవరము, వరరామచంద్రాపురము ప్రాంతములలో నీవు చూడబోవు ఊళ్లు కొన్ని పోలవరము జలాశయము నిండిననాడు నీట మునుగునవి. ఆ ఇండ్లవారిని పునరావాసమును గూర్చి పత్రికా విలేఖరివలె గ్రుచ్చి అడుగకుము. వారే చెప్పినచో మధ్యలో లేవక చివరివరకు వినుము.

ఒంటరి ప్రయాణమును నేను మెచ్చుట ఇందులకే. గుంపుగా పోవువారు తమలో తాము మాటలాడుకొని తిరిగి వత్తురు. ఒక్కరుగా పోయినవారు దారి మొదలుకొని భోజనమువరకు ప్రతిదానికిని ఆ ఊరివారిని అడుగక తప్పదు. అట్లు అడుగుటకు సిగ్గుపడి, ఫోనులోని పటమును నమ్మి నడచెదనందువేని ఒంటరిగా పోవుటలో ప్రమాదము మిగులును గాని ప్రయోజనము మిగులదు. అడవిలో ఫోనుకు సంకేతము తరచు అందదు.

సరిహద్దు వ్యవహారము తెలిసి ఉండవలెను. 1959 వరకు తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది; 2014లో పట్టణము తెలంగాణమున నిలిచి చుట్టుప్రక్కల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి; 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. గుడి దాటి కొంత దూరము పోయిన ఎటపాక ఆంధ్రమున ఉన్నది, చింతూరు దాటిన కుంట ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. కనుక తనిఖీ కేంద్రములు తరచు వచ్చును. గుర్తింపు కార్డు చేత నుంచుకొని, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పుము. పోలీసు శిబిరములను ఫోటో తీయకుము. రోడ్డు విడిచి లోతట్టు అడవికి తెలిసినవారు లేక పోకుము, అభయారణ్యములో అటవీశాఖ అనుమతి లేక అడుగిడకుము.

రాత్రి బసలో సాహసము వలదు. భద్రాచలమున దేవస్థానపు వసతిగృహములున్నవి, మారేడుమిల్లిలో అటవీశాఖవారి కుటీరములున్నవి. పల్లెలో నిలువవలసి వచ్చినచో ఆడువారున్న ఇంట, అంగన్‌వాడీ టీచరుకో ఆశా కార్యకర్తకో తెలిపి నిలువుము. బస్సుననే ప్రయాణము చేయుము, ముందు వరుసలో ఆడువారి నడుమ కూర్చుండుము. 2023 డిసెంబరునుండి తెలంగాణములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడువారికి టికెట్టు రుసుము లేనందున ఎప్పుడును నలుగురైనను తోడుందురు. ఆఖరు బస్సు ఎప్పుడో దిగగానే అడుగుము, దానికి ముందరిది ఎక్కుము. మనసు కీడు శంకించినచోట మర్యాదకు ఆగవలదు. లేచి వచ్చివేయుము, ఎవ్వరేమనుకొన్నను నీకు బాధ్యత లేదు.

నా వద్ద చదివిన కోయపిల్లలు కొందరు ఇప్పుడు ఆ సీమలోనే టీచర్లుగాను, నర్సులుగాను ఉన్నారు. వారికి నీ రాకను తెలుపుదును. మీ నాన్నకు వేరుగా ఉత్తరము వ్రాయుచున్నాను. అది చేరువరకు వానితో వాదింపకుము. బయలుదేరు తేదీని, ఏ రాత్రి ఏ ఊర బస చేయుదువో ఆ వరుసను వ్రాసి నాకు ముందుగా పంపుము.

ఇట్లు,
నీ తాతయ్య